చివరి భాగం ఎవరికి బాకీ?

1993లో ఢాకా వీధుల్లో ఊరేగింపులు సాగాయి. చేతుల్లో అట్టలు, గొంతుల్లో నినాదాలు. ఒక మనిషికి విధించబోతున్న ఉరిశిక్షను ఆపాలన్నది వారి డిమాండు. అతడికేమైనా అయితే ఇంటింటా నిప్పు రగులుతుందన్నది వారి హెచ్చరిక. ఎర్షాద్ నియంతృత్వాన్ని వీధుల్లోకి వచ్చి కూలదోసి అప్పటికి మూడేళ్ళయినా నిండని దేశమది. ఊరేగింపులు అక్కడ వింత కావు. వింతల్లా ఆ ఖైదీ ఏ జైల్లోనూ లేకపోవడమే. అతడి పేరు బాకెర్ భాయ్. బంగ్లాదేశ్ ప్రభుత్వ టెలివిజన్‌లో ప్రసారమవుతున్న 'కోథావ్ కేవు నేయ్' అనే ధారావాహికలో అతడొక పాత్ర. ఆ పేరుకు 'ఎక్కడా ఎవరూ లేరు' అని అర్థం.

రచయిత హుమాయూన్ అహ్మద్ తన నవలనే ధారావాహికగా మలిచారు. బర్కతుల్లా దర్శకత్వం వహించారు. బాకెర్‌గా అసదుజ్జమాన్ నూర్, మునాగా సువర్ణా ముస్తఫా నటించారు. బాకెర్ పేటరౌడీ. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, వేలి చుట్టూ తాళాల గొలుసు తిప్పుతూ టీకొట్టు దగ్గర కూర్చుంటాడు. 'బర్సాత్' సినిమాలో లతా మంగేష్కర్ పాడిన పాటను మళ్ళీమళ్ళీ వేయించుకుని వింటాడు. మునా మేనమామ ఇంటి భారాన్ని మోస్తూ ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి. ఆమె అంటే అతడికి ప్రాణం. ఆమె ముందు మాత్రం నోరు పెగలదు. పేటలోకి కొత్తగా వచ్చిన ఒక సంపన్న మహిళ పెద్ద కుక్కలను కాపలా పెట్టుకుని, తన ఇంట్లో ఆడపిల్లల చేత వ్యభిచారం చేయిస్తుంటుంది. బాకెర్ అడ్డుపడతాడు. ఆ ఇంటి కాపలాదారు హత్యకు గురవుతాడు. నేరం బాకెర్ మీద పడుతుంది. అతడి వెన్నంటి తిరిగిన బదీ ఒత్తిడికి లొంగి కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెబుతాడు. ఉరిశిక్ష పడుతుంది.

ప్రేక్షకులు కోరింది చిన్న సంగతే. ఒక్క అప్పీలు, ఒక్క క్షమాభిక్ష, ఆఖరి నిమిషంలో మనసు మార్చుకునే ఒక్క సాక్షి. దక్షిణాసియా కథాసంప్రదాయంలో వీటికి కరువు లేదు. హుమాయూన్ అహ్మద్ ససేమిరా అన్నారు. బెదిరింపులు వచ్చినా అన్నారు. అంతకు కొన్నేళ్ళ ముందు మరో ధారావాహికలో టునీ అనే చిన్నారిని క్యాన్సర్ నుంచి బతికించమని ఎందరు వేడుకున్నా ఆయన వినలేదు. చివరి భాగంలో బాకెర్‌ను ఉరితీశారు. తెల్లవారుజామున జైలు గుమ్మం దగ్గర శవాన్ని తీసుకోవడానికి మునా ఒక్కతే నిలబడి ఉంది. ధారావాహికకు ఆ పేరు ఎందుకు పెట్టారో ఆ క్షణాన గాని తెలియలేదు.

ఆ ముగింపు ప్రేక్షకులను నిరాశపరిచిందా, తృప్తిపరిచిందా? నినాదాలను బట్టి చూస్తే నిరాశపరిచిందనే చెప్పాలి. కానీ మూడు దశాబ్దాలు గడిచినా బంగ్లాదేశ్‌లో పెద్దవాళ్ళు టెలివిజన్ గురించి మాట్లాడితే మొదట వచ్చే పేరు బాకెర్ భాయ్‌దే. అతడిని బతికించి మునాతో పెళ్ళి జరిపించి ఉంటే ఆ రాత్రికి ఢాకా సంతోషంగా నిద్రపోయేది. వారం తిరిగేసరికి మరిచిపోయేది కూడా.

ధారావాహికల ముగింపుల మీద జరిగే చర్చల్లో తరచు రెండు విషయాలు కలగలిసిపోతుంటాయి. ఒకటి ప్రేక్షకుడి కోరిక, రెండోది కథ చేసిన బాకీ. కోరిక అభిమానంలోంచి పుడుతుంది: ఫలానా వాడు బతకాలి, ఫలానా ఆమెకు పెళ్ళి కావాలి. 1984-85లో దూరదర్శన్ 'హమ్ లోగ్' ప్రసారం చేసినప్పుడు బడ్‌కీ పెళ్ళి గురించి దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చింది ఈ కోరికతోనే. బాకీ వేరు. అది కథ వారం వారం తన ఖాతాలో తానే రాసుకున్న పద్దు. ఒక పాత్రను ఎందుకు ప్రేమించమన్నావు, ఒక అన్యాయాన్ని ఎందుకు చూపించావు, ఒక ప్రశ్నను ఎందుకు లేవనెత్తావు అన్నదానికి చెప్పవలసిన జవాబు అది. కోరికను కాదనే హక్కు రచయితకు ఎప్పుడూ ఉంటుంది. బాకీని ఎగవేసే హక్కు ఎన్నడూ లేదు.

బాకెర్ భాయ్ కథ మొదటి నుంచీ ఒక్కటే చెబుతూ వచ్చింది. ఈ సమాజంలో మర్యాదస్తుల ఇళ్ళలో నేరం జరుగుతుంది, దాన్ని అడ్డుకునేవాడి మీద రౌడీ అన్న ముద్ర ముందే ఉంటుంది, కోర్టుకు కావలసింది సాక్ష్యమే తప్ప సత్యం కాదు. ఇంత చెప్పాక చివరి ఇరవై నిమిషాల్లో న్యాయదేవత కళ్ళు తెరిచిందని చూపిస్తే, అంతకుముందు చూపినదంతా అబద్ధమవుతుంది. ఆ దేశ చరిత్ర కూడా రచయిత పక్షానే నిలబడింది. 1971 యుద్ధంలో కాలు కోల్పోయిన కల్నల్ అబూ తాహెర్‌ను 1976లో ఢాకా సెంట్రల్ జైలు గోడల మధ్య రహస్య సైనిక విచారణ జరిపి ఉరితీశారు. ఆ విచారణే చట్టవిరుద్ధమని హైకోర్టు 2011లో తేల్చింది, ముప్పై అయిదేళ్ళ తర్వాత. ఊరేగింపులో నడిచినవారికి ఆ ముగింపు నమ్మశక్యం కానందువల్ల కోపం రాలేదు. అది మరీ నమ్మదగినదిగా ఉన్నందువల్లే వచ్చింది.

హుమాయూన్ అహ్మద్ ప్రభుత్వ టెలివిజన్ కోసం రాస్తూనే దాని హద్దులను ఎలా దాటాలో తెలిసిన రచయిత. పోలీసు అధికారి అయిన ఆయన తండ్రిని 1971లో పాకిస్తాన్ సైన్యం చంపింది. ఆ యుద్ధంలో సైన్యానికి తోడ్పడిన రజాకార్ల ఊసు తెరమీద వినబడని రోజుల్లో, 'బహుబ్రీహి' అనే హాస్య ధారావాహికలో ఒక చిలుక చేత 'నువ్వు రజాకార్‌వి' అనిపించారు. మనిషి అంటే తప్పు. చిలుకను ఎవరు శిక్షిస్తారు? రజాకార్ అన్న మాట తెలంగాణకు మరో చరిత్రతో, మరో గాయంతో తెలుసు గనుక ఆ చిలుక పలుకు బరువు ఇక్కడివారికి విడమరచి చెప్పనవసరం లేదు.

బాకెర్ కథకు ఏ రచయితా రాయని అనుబంధం ఒకటుంది. అసదుజ్జమాన్ నూర్ తర్వాత అవామీ లీగ్‌లో చేరి నీల్‌ఫామారీ నుంచి 2001 మొదలు పార్లమెంటుకు ఎన్నికవుతూ వచ్చారు. 2014 నుంచి అయిదేళ్ళు సాంస్కృతిక మంత్రిగా ఉన్నారు. షేక్ హసీనా ప్రభుత్వం కూలిన తర్వాత, 2024 సెప్టెంబరులో, ఆ ఏడాది ఉద్యమ కాలపు హత్య కేసులో ఆయనను అరెస్టు చేశారు. కేసు మంచిచెడ్డలు న్యాయస్థానం తేల్చవలసినవి. ఏలిన పార్టీ మీద జనాగ్రహానికి కారణాలూ తక్కువ కావు. అయితే తెరమీద ఈయనను ఉరినుంచి తప్పించమని వీధుల్లోకి వచ్చిన నగరమే ఈసారి మరో కారణంతో వీధుల్లోకి వచ్చింది.

కోరికకూ బాకీకీ తేడా చెప్పడానికి అమెరికా ఉదాహరణ ఒకటి చాలు. 2019 మేలో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ముగిసినప్పుడు చివరి సీజన్‌ను మళ్ళీ తీయాలంటూ పది లక్షల మందికి పైగా ఆన్‌లైన్ వినతిపత్రం మీద సంతకాలు చేశారు. పైకి అది పసిపిల్లల మారాంలా కనిపించింది. అభ్యంతరాలను విడదీసి చూస్తే వాటిలో సగం న్యాయమైనవి. బానిసలకు విముక్తి ప్రసాదించిన రాణి ఒక నగరాన్ని బూడిద చేయడం తప్పు కాదు. చరిత్రలో విమోచకులు అలా మారిన దాఖలాలు కావలసినన్ని ఉన్నాయి. ఏడు సీజన్లు తీరికగా నడిచిన కథ ఆ మార్పును ఆరు భాగాల్లో కుక్కి ముగించడమే తప్పు. రావలసిన చోటికే కథ వచ్చింది. నడిచి రాలేదు, తోసుకుంటూ వచ్చింది.

ఢాకాలో జనం అడిగారు, రచయిత ఇవ్వలేదు, అదే సరైన పని. దీన్నిబట్టి ప్రేక్షకులు ముగింపుల జోలికి రాకూడదని, రచయిత మాటే వేదమని తీర్మానించుకుంటే పొరపాటే. అంతకు అయిదేళ్ళ ముందు భారతదేశంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంఘటన జరిగింది.

రామానంద్ సాగర్ 'రామాయణ్' 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలైంది. మొదట 52 భాగాలకే అనుమతి ఉండగా పొడిగిస్తూ పొడిగిస్తూ 78 చేశారు. 1988 జూలై 31న శ్రీరామ పట్టాభిషేకంతో ముగించారు. ఆదివారం ఉదయాలు వీధులు నిర్మానుష్యం కావడం, టీవీ పెట్టెకు పూలదండలు వేసి అగరొత్తులు వెలిగించడం ఆ తరానికి కళ్ళముందే ఉన్న జ్ఞాపకాలు. పట్టాభిషేకంతో ముగించడానికి సాగర్‌కు ఆధారం లేకపోలేదు. ఆయనకు ముఖ్యమైన మాతృక తులసీదాసు 'రామచరితమానస్'. అందులో సీతా పరిత్యాగ కథ లేదు. వాల్మీకి రామాయణంలోనూ యుద్ధకాండ చివర పట్టాభిషేకం, ఆ వెంటనే ఫలశ్రుతి ఉన్నాయి. ఫలశ్రుతి చెప్పారంటే కథ కంచికి చేరినట్టే. ఉత్తరకాండ తర్వాతి కాలపు చేర్పని చాలామంది పండితుల అభిప్రాయం. పాఠ పరిష్కర్తల దృష్టితో చూస్తే సాగర్ ముగింపులో తప్పుపట్టవలసింది లేదు.

తప్పుపట్టింది పండితులు కారు. జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు.

పంజాబులో, ఉత్తరాదిలోని అనేక నగరాల్లో వీధులూడ్చి, మురుగు ఎత్తే పని తరతరాలుగా ఏ కులాల మీద రుద్దారో ఆ కులాల వారిలో ఎందరో తమను వాల్మీకులుగా చెప్పుకుంటారు. ఆదికవి వారికి గురువు, మూలపురుషుడు. రామకథ రాసినవాడిగా వాల్మీకి అందరికీ తెలుసు. ఆ కథలో ఆయన నిండైన పాత్రగా నిలబడేది ఉత్తరకాండలోనే. రాజు వెళ్ళగొట్టిన గర్భిణికి ఆశ్రయమిచ్చినవాడు, ఆమె బిడ్డలకు విద్య నేర్పినవాడు, చివరకు ఆ రాజు సభలోనే ఆమె నిర్దోషి అని సాక్ష్యం చెప్పినవాడు ఆయనే. దేశమంతా చూస్తున్న రామాయణంలో ఆ అధ్యాయమే ఉండదని తెలిసినప్పుడు కార్మికులు చీపుళ్ళు కింద పెట్టారు. సమ్మె జలంధర్ నుంచి ఇతర నగరాలకు పాకింది. చెత్త పేరుకుపోయింది, రోగాల భయం పట్టుకుంది, ప్రభుత్వం దిగివచ్చింది. ఉత్తరకాండ కథతో కొత్త ధారావాహికకు అనుమతి లభించింది. 1988 అక్టోబరులో మొదలై 1989 మే వరకు సాగిన 'లవ్ కుశ్' ఆ విధంగా పుట్టింది.

ఇది ఢాకా ఊరేగింపు వంటిది కాదు. జలంధర్ కార్మికులు ఏ పాత్రనూ బతికించమనలేదు. కథను మరింత సుఖాంతం చేయమనలేదు. నిజానికి సుఖాంతాన్ని చెడగొట్టమన్నారు! వారు అడిగింది బాకీ. దేశంలో ఉన్నది ఒకే ఒక టెలివిజన్, అది ప్రభుత్వానిది. జాతి యావత్తు కథ ఇదేనని అది ఏడాదిన్నర పాటు చెప్పింది. జాతి కథలో తమవాడు ఉన్న అధ్యాయం మాత్రం నిడివి చాలక మిగిలిపోయిందంటే ఊడ్చేవాళ్ళు ఎందుకు ఊరుకోవాలి? కథను ఎక్కడ ఆపాలన్నది సౌందర్య సమస్యగా కనిపిస్తుంది. అది ఎవరి దగ్గర ఆపాలన్న సమస్య కూడా అని దేశానికి తెలియజెప్పినవారు సాహిత్య విమర్శకులు కారు.

పట్టాభిషేకం దగ్గర ఆగిపోయే రాముడు అధికారంలో ఉన్నవారికి, రాబోతున్నవారికి ఎంతో అనుకూలమైన రాముడు. ఆ ముగింపు ప్రసారం కావడానికి కొన్ని వారాల ముందే, 1988 జూన్‌లో జరిగిన అలహాబాద్ ఉపఎన్నికలో, తెర మీది రాముడు అరుణ్ గోవిల్ కాంగ్రెస్ తరఫున ప్రచారం చేశారు. ఓటర్లు మాత్రం వి.పి. సింగ్‌నే గెలిపించారు. 1991 నాటికి సీత పాత్రధారిణి దీపికా చిఖలియా వడోదర నుంచి, రావణ పాత్రధారి అరవింద్ త్రివేది సబర్‌కాంఠా నుంచి భాజపా ఎంపీలయ్యారు. రాముడు 2024లో మేరఠ్ నుంచి అదే పార్టీ తరఫున లోక్‌సభకు వెళ్ళారు. పట్టాభిషేకం వద్ద ఆగే కథలో గెలుపు ఉంటుంది, పరిపాలన ఉండదు. సింహాసనం ఎక్కిన తర్వాత రాజు ఏం చేశాడు, ఎవరి మాట విని ఎవరికి అన్యాయం చేశాడు అన్న ప్రశ్నలన్నీ ఉత్తరకాండలోవి.

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. పదమూడో శతాబ్దంలో తిక్కన రామకథను చేపట్టినప్పుడు ఎంచుకున్నది ఉత్తర రామాయణాన్నే. పద్దెనిమిదో శతాబ్దంలో కంకంటి పాపరాజు మళ్ళీ దాన్నే కావ్యం చేశాడు. 1963లో సి. పుల్లయ్య, సి.ఎస్. రావు 'లవకుశ' తీస్తే పల్లెలకు పల్లెలు బళ్ళు కట్టుకుని వెళ్ళాయి. ఎన్.టి. రామారావు, అంజలీదేవి కొడుకుల సమక్షంలో మళ్ళీ కలుసుకోబోయే వేళ భూమి విచ్చుకుంటుంది. సీత వెళ్ళిపోతుంది. ఆమెను ఆపమని థియేటర్ల ముందు ధర్నా చేసినవారు లేరు. ఏడ్చారు, కళ్ళు తుడుచుకున్నారు, మరోసారి చూశారు. రాముడికి అంతకుమించిన శిక్ష లేదని, సీతకు అంతకుమించిన జవాబు లేదని చదువురానివారు కూడా గ్రహించారు. విషాదాంతం తృప్తినివ్వదన్న మాట ఎవరు పుట్టించారోగాని, 'లవకుశ' చూసినవారు మాత్రం కాకపోవచ్చు.

సాగర్ 'లవ్ కుశ్' ఆ బాకీని ఏ మేరకు తీర్చింది? సగమే. వాల్మీకి తెరకెక్కాడు, గురువుగా, కవిగా, సాక్షిగా గౌరవం పొందాడు. అది కార్మికుల విజయమే, చిన్నది కాదు. సీత విషయానికి వచ్చేసరికి ధారావాహిక జంకింది. లోకనింద సంగతి తెలిసి, రాజధర్మానికి అడ్డు కాకూడదని సీత తనంతట తానే రాజ్యం విడిచి వెళ్ళడానికి సిద్ధపడినట్టు చూపించారు. పరిత్యాగం త్యాగమైపోయింది. వెళ్ళగొట్టినవాడు లేనప్పుడు అన్యాయమూ లేదు. అన్యాయం లేనప్పుడు చివర్లో భూమి ఎందుకు విచ్చుకోవాలి? ఒక బాకీ తీరుస్తూ మరో బాకీ పద్దును పుస్తకంలోంచి చెరిపేశారు. ఉత్తరకాండలో శంబూకుడి వధ కూడా ఉందన్నది మరో చిక్కు. వాల్మీకి కోసం ఆ కాండను అడిగినవారి చేతికి, తపస్సు చేసినందుకు తల నరికించుకున్న శూద్రుడి కథా దానితోపాటే వస్తుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' నాటకం రాసి ఆ ప్రశ్నను తెలుగునాట దూరదర్శన్ పుట్టకముందే అడిగారు. ఆ బాకీ ఇప్పటికీ అలాగే ఉంది.

మరో పద్దు తెరకు అవతలిది. టీవీలో ఒక అధ్యాయం కోసం చీపుళ్ళు దించితే ప్రభుత్వం నెలల వ్యవధిలో కదిలింది. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించే చట్టం 1993 దాకా రాలేదు. అది చాలక 2013లో మరో చట్టం చేయవలసి వచ్చింది. మురుగు గుంతల్లో దిగి కార్మికులు చనిపోయారన్న వార్తలు ఆ తర్వాత కూడా ఆగలేదు.

బి.ఆర్. చోప్రా 'మహాభారత్' ముగింపు గురించి రెండు మాటలు చాలు. 1990 జూన్ 24న 94వ భాగం అంపశయ్య మీద భీష్ముడి మరణంతో ఆగింది. సంభాషణలు రాసిన రాహీ మాసూమ్ రజా దేశ విభజన గాయాన్ని నవలగా రాసినవారు. నేలను ముక్కలు చేయవద్దని భీష్ముడి నోట పలికించడంలో ఆయన ఆవేదన వినిపిస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరులోనే సోమనాథ్ నుంచి రథం బయలుదేరిందని తలుచుకుంటే ఆ మాటలకు మరింత బరువు వస్తుంది. అయినా అది వ్యాసుడి ముగింపు కాదు. వ్యాసుడి కథలో యాదవులు తమలో తాము కొట్టుకు చస్తారు, కృష్ణుడు వేటగాడి బాణానికి నేలకొరుగుతాడు, పాండవులు ఒక్కొక్కరే దారిలో రాలిపోతారు, ధర్మరాజు వెంట చివరికి కుక్క మిగులుతుంది. గెలిచినవారి చేతిలో ఏం మిగిలిందన్నది మహాభారతం అడిగిన అతిపెద్ద ప్రశ్న. ఉపదేశం వినిపించి తెర దించడం ఆ ప్రశ్నను మర్యాదగా దాటవేయడమే. 'రామాయణ్'లాగే ఇదీ అధికారం చేతికందిన చోటే ఆగింది. ఈసారి సమ్మె చేసినవారు లేరు.

ఆ కాలంలో కనీసం అడగడానికి ఎదురుగా ఒక మనిషో, ఒక ప్రభుత్వమో ఉండేవి. ఇప్పుడు వారం వారం వెలువడే రేటింగులు ఉన్నాయి. 2017లో స్టార్ మాలో మొదలైన 'కార్తీకదీపం' సంగతి తెలుగు ఇళ్ళకు కొత్తగా చెప్పనవసరం లేదు. వంటలక్క అన్న పిలుపు తెలియని వీధి లేదు. నల్లగా పుట్టినందుకు అవమానాలు, చేయని తప్పుకు భర్త అనుమానం. రంగు, శీలం అన్న రెండు తూకాలతో ఆడదాన్ని తూచే సమాజం మీద వేసిన గట్టి ప్రశ్నతోనే ఆ ధారావాహిక మొదలైంది. 2022లో దీప, కార్తీక్ ఇద్దరినీ ప్రమాదంలో చంపి కథను పిల్లల తరానికి మార్చారు. ఆదరణ తగ్గింది. కొన్ని నెలలకే ఇద్దరూ బతికే ఉన్నారని తేల్చారు. 2023 జనవరిలో ముగించారు, 2024లో అవే ముఖాలతో మరో కథ మొదలుపెట్టారు. చావే ముగింపు కాని చోట ముగింపుకు విలువేముంది?

ఢాకా ప్రేక్షకులు అడిగీ పొందలేనిది ఇక్కడివారికి అడగకుండానే దక్కింది. దానివల్ల తృప్తి కలిగిందా అంటే, దీప తిరిగి రావడం ఎవరినీ ఏడిపించనూ లేదు, వీధుల్లోకి తీసుకురానూ లేదు. రేటింగు పట్టికలో అంకె ఉంటుంది, కారణం ఉండదు. జలంధర్ కార్మికుడు ఏ అధ్యాయం కావాలో, ఎందుకు కావాలో చెప్పగలిగాడు. ఢాకా విద్యార్థి ఎవరిని ఎందుకు చంపకూడదో చెప్పగలిగాడు, అతడి మాట నెగ్గకపోయినా. అంకె ఆ రెంటిలో ఏదీ చెప్పలేదు. కోరికకూ బాకీకీ తేడా దానికి తెలియదు. అనుమానించిన భర్త ఏం మూల్యం చెల్లించాడు, రంగును బట్టి మనిషిని తూచిన ఇల్లు ఏం నేర్చుకుంది అన్న మొదటి పద్దులు ఆ జనన మరణాల రద్దీలో ఎక్కడో జారిపోయాయి. వాటిని గుర్తుచేయడానికి చీపురు దించినవారు లేరు.

2020 మార్చి 28న, దేశమంతా తలుపులు మూసుకుని కూర్చున్న వేళ, దూరదర్శన్ 'రామాయణ్'ను తిరిగి ప్రసారం చేయడం మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో పట్టాభిషేకం అయిపోగానే ఉత్తరకాండ కథనూ వేసింది. ఈసారి ఎవరూ సమ్మె చేయవలసిన అవసరం రాలేదు. పునఃప్రసారం మొదలైన మూడు రోజులకు, పంజాబులోనే, జలంధర్‌కు మరీ దూరం కాని నాభా పట్టణంలో చెత్త తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక పారిశుద్ధ్య కార్మికుడి మీద మేడల మీది నుంచి జనం పూలు చల్లి చప్పట్లు కొట్టారు. కొందరు నోట్ల దండ కూడా వేశారు. ముఖ్యమంత్రి ఆ వీడియోను దేశంతో పంచుకున్నారు. రోడ్డు మీద పడిన పూలను తర్వాత ఎవరు ఊడ్చారో అందులో లేదు.